ప్రాయశ్చిత్తము ఎవరికి?

భగవంతుని కల్యాణగుణములు అనంతములు. వానిలో వాత్సల్యమను గుణమును మన పూర్వాచార్యులు ప్రత్యేకముగా ఎత్తి చెప్పియున్నారు. వత్సమనగా దూడ. ఎవరైన కాలుపెట్టిన గడ్డిని ఆవు ముట్టదు. అట్టి ఆవు అప్పుడే పుట్టిన తన దూడ ఒంటినంటియున్న మాలిన్యమును ఏవగించుకొనక నాలుకతో నాకి శుభ్రపరచును. జీవుని దోషములయెడ శ్రీమన్నారాయణుని స్వభావము ఇట్టిదని పెద్దల మాట. ఈ ఉపమానమును నేను ముప్పదియైదేండ్లు పురాణ కాలక్షేపములలో చెప్పితిని. వినువారు తలలూపిరి, నేనును తృప్తిపడితిని. కాని దాని యర్థము నాకు బోధపడినది అరువదవ యేట, మా వంటయింటి గడపకడ, ఒక ప్రసాదపు దొన్నెను చూచిన రాత్రి.

ఈ దాసుడు దివిసీమలో ఉన్నత పాఠశాలయందు తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవాడు. మా ఊరి వేణుగోపాలస్వామి ఆలయ మండపములో ధనుర్మాసమందు ఉదయము తిరుప్పావై వ్యాఖ్యానము, సాయంకాలము భాగవత పురాణము చెప్పుట నా కైంకర్యముగా ఉండెడిది. నేడు వ్రాయబోవు విషయము గర్భమును తొలగించుకొనుటకు సంబంధించినది. భక్తిపత్రికలో ఈ ప్రసక్తి ఎందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే స్వామి సన్నిధిలో కన్నులు మూసికొని నిలుచు తల్లులలో ఈ బాధను ఎవరికిని చెప్పుకొనలేక కొంగున ముడివేసికొని వచ్చువారు కలరు. వారిలో ఒకరు నా యింటనే ఇరువదియేడు సంవత్సరములు ఉన్నను నేనెరుగనైతిని. అందుచేత వ్రాయుచున్నాను.

మొదట నా పూర్వాభిప్రాయమును చెప్పెదను. గర్భములోని శిశువు కేవలము మాంసపిండము కాదు, జీవుడు. భాగవత తృతీయస్కంధములో కపిలమహర్షి తన తల్లియైన దేవహూతికి గర్భస్థజీవుని స్థితిని వివరించెను. ఏడవ మాసమున తెలివి కలిగిన ఆ జీవుడు తల క్రిందుగా ఉండియే భగవంతుని స్తుతించునని ఆ ఘట్టము. ప్రహ్లాదుడు తల్లియగు కయాధువు కడుపులో ఉండియే నారదుని ఉపదేశము వినెను. ఉత్తర గర్భమునందున్న పరీక్షిత్తును అశ్వత్థామ ప్రయోగించిన బ్రహ్మాస్త్రము దహింపబోగా శ్రీకృష్ణుడు లోపల ప్రవేశించి కాపాడెను. ఆ శిశువు అంగుష్ఠమాత్రుడైన పురుషుని గదాధారిగా తన చుట్టును తిరుగుచుండగా చూచెను. స్వామి స్వయముగా కావలియున్న చోటు తల్లి గర్భము. ఈ మాటను నేను నేటికిని విడువలేదు, విడువను.

ఈ విశ్వాసమునకు నేను ఒక కత్తిని తగిలించితిని. పరాశరస్మృతిలో గర్భపాతనము బ్రహ్మహత్యకు రెండింతల పాపమనియు, దానికి ప్రాయశ్చిత్తము లేదనియు, అట్టి స్త్రీని త్యజింపవలెననియు ఒక వాక్యము కలదు. ఉత్తర కథ వచ్చినప్పుడెల్ల నేను ఆ వాక్యమును గంభీరస్వరముతో చదివి అర్థము చెప్పెడివాడను. వెనువెంటనే చట్టమును నిందించెడివాడను. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భపాతనమును నేరముగా ఎంచి, తల్లినిసైతము శిక్షార్హురాలిని చేసినది. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1966లో నివేదిక నొసగగా, 1971లో పార్లమెంటు కొన్ని పరిస్థితులలో వైద్యులచే గర్భమును తొలగింపవచ్చునని చట్టము చేసెను. అది 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. "చట్టము ఒప్పినంత మాత్రమున ధర్మము ఒప్పునా?" అని నేను ప్రశ్నించెడివాడను. ఎరుకలేని చేతులలో పడి, పుల్లలకును నాటుమందులకును ఎందరో తల్లులు ప్రాణములు కోల్పోవుచుండుటయే ఆ చట్టమునకు ముఖ్యకారణమని నేను ఒక్కమారైనను చెప్పలేదు. 1860 నాటి స్మృతియైనను తల్లి ప్రాణరక్షణకై సద్భావముతో చేసినదానిని మినహాయించినది. పరదేశీయులు వ్రాసిన శాసనము మినహాయించిన చోటను నా నోరు మినహాయింపలేదు.

2006 జనవరిలో, ధనుర్మాసపు చివరి దినములలో, ఒక సాయంకాలము ఉత్తర కథ చెప్పి ముగించితిని. తీర్థప్రసాదములు పంచినారు. జనులు వెడలిపోవుచుండగా ఇరువదియైదేండ్ల వయస్సుగల ఒక స్త్రీ స్తంభముకడ ఆగియుండి, అందరును పోయిన పిమ్మట దగ్గరకు వచ్చెను. చేతిలో చక్కెరపొంగలి దొన్నె ఉన్నది. నేనామెను అంతకు మునుపు చూచియుండలేదు.

"స్వామీ, తెలిసో తెలియకో అలాంటిది జరిగిపోతే, దానికి ప్రాయశ్చిత్తం ఏమైనా ఉందా?" అని మెల్లగా అడిగెను.

ఎవరికి జరిగినది, ఎట్లు జరిగినది అని నేను అడుగలేదు. ఆమె ముఖమునైనను సరిగా చూడలేదు. పొరుగూరి పండితుడొకరు ప్రక్కనే కూర్చుండియుండుటచే నా చూపు ఆయనపై ఉన్నది. పరాశరుని వాక్యమును మరల చదివి, "లేదమ్మా. శాస్త్రము లేదనే చెప్పినది" అంటిని. ఆమె ఏడ్వలేదు, మారుమాటాడలేదు. నమస్కరించి, చేతిలోని దొన్నెను స్తంభము మొదట పెట్టి, మెట్లు దిగి చీకటిలో వెడలిపోయెను. నేను దానిని చూచియు గమనింపలేదు. గమనించినది స్తంభము వెనుక కూర్చుండియున్న నా సహధర్మచారిణి.

ఆ రాత్రి భోజనమునకు కూర్చుండబోగా ఆమె నా యెదుట విస్తరి వేయక, వంటయింటి గడపపై ఆ దొన్నెను పెట్టినది.

"ఆ పిల్ల ప్రసాదం తినకుండా వెళ్ళిపోయిందండీ. తినే అర్హత తనకి లేదనుకుంది. పాపమున్నవాళ్ళు ప్రసాదం తినకూడదని ఏ శాస్త్రంలో ఉంది?" అనెను. నేను ఏదియో సమాధానము చెప్పబోగా చేయి అడ్డముపెట్టి, "వదిలెయ్యాలని కూడా ఉందన్నారుగా. అయితే నన్నూ వదిలెయ్యండి" అనెను.

నాకర్థము కాలేదు. ఆమె గడపమీదనే కూర్చుండి, కన్నీరు లేకుండ, లెక్క ఒప్పగించినట్లు చెప్పినది. మాకు ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు. మూడవ కాన్పు 1977 మొదటిలో జరిగినది. అప్పుడు రక్తము చాల పోయి ఆమె బ్రతుకుట దుర్లభమైనది. మరల వెంటనే గర్భము వచ్చినచో ప్రాణమునకు ముప్పని వైద్యురాలు ఆమెకును నాకును చెప్పెను. సంతానము కలుగకుండ ఆపరేషను చేయించుకొందునని ఆమె అడిగినది. "సంతానము దైవదత్తము, అడ్డుపడరాదు" అని నేను నిరాకరించితిని. నేను నిగ్రహముతో ఉన్నానా అన్న, అదియును లేదు. ఆ సంవత్సరమే నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినది. వేలాది జనులు ఒక్క రాత్రిలో నీటిపాలైరి. మా యిల్లు కూలినది. ముగ్గురు బిడ్డలతో మేము ప్రాణములు దక్కించుకొన్నది ఆలయ మండపములోనే. మరుసటి సంవత్సరము, అప్పులతో తాటాకు పాకలో ఉన్న రోజులలో, ఆమెకు నాలుగవ గర్భము నిలిచినది.

"నేను పోతే ఈ ముగ్గురినీ ఎవరు చూస్తారు? మీకు చెబితే మీరేమంటారో నాకు తెలుసు. మా అక్కయ్యను తీసుకుని పట్నంలో ఆస్పత్రికి వెళ్ళాను. మీతో కడుపు దానంతటదే పోయిందని చెప్పాను. మీరు భగవదిచ్ఛ అన్నారు. అప్పట్నుంచీ మీరు ఉత్తర కథ చెప్పే రోజున నేను స్తంభం వెనకాలే కూర్చుంటున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడిగారా?"

నేను అడుగలేదు. ప్రతి కృష్ణాష్టమికిని బిడ్డల పేర మూడు వెన్నముద్దలు పెట్టవలసిన చోట ఆమె నాలుగు పెట్టుచుండెడిది. లెక్క తప్పినదని నేనొకమారు పరిహసించితిని కూడ. ఆమె కూడ నవ్వినది. ఆ నవ్వు ఇప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది.

ఆ వృత్తాంతము విన్నప్పుడు నాకు మొదట కలిగినది జాలి కాదు, కోపము. ఈ మాట దాచినచో ఈ వ్యాసము వ్రాయుట వ్యర్థము. నా సంతతి, నా అనుమతి లేకుండ, నాకు తెలియకుండ పోయెనని నాకు కోపము. 1971 నాటి చట్టములో యుక్తవయస్కురాలైన స్త్రీ సమ్మతి చాలును, భర్త సంతకము అక్కరలేదు. ఆ చట్టముపై నాకున్న పాతకోపము కూడ దానితో చేరినది. మూడు దినములు నేనామెతో మాటాడలేదు. ఆమె వడ్డించిన అన్నము తినుచునే మాటాడకుంటిని.

నాలుగవ దినమున సంధ్యావందనమునకు కూర్చున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను పట్టుకొన్నది. నేను ఆ స్మృతివాక్యమును నిజముగా నమ్మినచో ఈమెను విడిచిపెట్టవలెను. నలువదేండ్లు నా మడిబట్టలు ఆరవేసి, నా తల్లికి కడపటి దినములలో సేవచేసి, నా ముగ్గురు బిడ్డలకొరకు తన ప్రాణము నిలుపుకొన్న ఈమెను విడుచుట నా చేత కాదు. విడువవలెనని నా మనస్సు ఒక్కక్షణమైనను చెప్పలేదు. ఇంటిలో అనుసరింప వీలులేని మాటను మండపములో ఎవరి బిడ్డకో ఏ ముఖముతో చెప్పితిని? నా భార్యకు ఒక శాస్త్రము, పరుల బిడ్డకు ఒక శాస్త్రమా?

అంతట గ్రంథములను మరల తీసితిని. ఈసారి తీర్పు చెప్పుటకు కాదు, దారి వెదకికొనుటకు.

మొదట నాకు కన్పట్టినది ఒక వింత. పురాణములలో గర్భముపై, పసికందులపై చేయిచేసికొన్నవారు ఎవరు? దితి గర్భములో ప్రవేశించి శిశువును ఏడు ముక్కలుగను, ఒక్కొక్కదానిని మరల ఏడుగను ఖండించినవాడు ఇంద్రుడు. కారణము సింహాసన భయము. ఉత్తర గర్భముపై అస్త్రమును వదలినవాడు అశ్వత్థామ. కారణము పగ. దేవకి బిడ్డలనార్గురను చంపినవాడు కంసుడు. కారణము ప్రాణభీతి. ముగ్గురును పురుషులే, మువ్వురును తమ స్వార్థమునకే చేసిరి. వీరి కథలు ముప్పదియైదేండ్లు చెప్పిన నేను, వేలెత్తి చూపినది మాత్రము ఎదుట కూర్చున్న స్త్రీలవైపు.

ఇంద్రుని కథ చివర ఏమైనది? శ్రీహరి కృపచే ఆ నలువదితొమ్మండుగురును మరుత్తులై జీవించిరి. ఇంద్రుడు దితి యెదుట నిలిచి తాను చేసినదంతయు దాచక చెప్పి క్షమింపుమని వేడుకొనెను. ఆ తల్లి శాంతించినది. ఆ మరుత్తులను ఇంద్రుడు తన వెంట స్వర్గమునకు తోడ్కొనిపోయెను. దేవతలకు రాజైనవాడు ఇట్టి పని చేసి, ఒప్పుకొని, క్షమను పొందెనని చెప్పిన భాగవతమును చేతపట్టుకొని, ఒక అబలకు మార్గము లేదని నేనెట్లు చెప్పితిని?

తన గర్భమును తానే కొట్టుకొన్న స్త్రీ ఒకతె కనబడినది. ఆమె గాంధారి. రెండేండ్లు మోసినను ప్రసవము కాక, కుంతికి కుమారుడు కలిగెనని విని, దుఃఖము పట్టజాలక, ధృతరాష్ట్రునికి తెలియకుండ తన కడుపును మోదుకొన్నదని భారతము ఆదిపర్వములో కలదు. భర్తకు తెలియకుండ అన్న ఆ మాటకడ నా కన్ను ఆగిపోయినది. అప్పుడు వ్యాసభగవానుడు వచ్చెను. ఏమి చేసితివని అడిగెను. ఆమె ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆ మహర్షి ఆమెను త్యజింపుడని కురువృద్ధులకు ఆజ్ఞాపింపలేదు. నేతికుండలు తెప్పించెను. చల్లని నీరు చల్లించెను. కాపాడదగినదానిని కాపాడెను. పరాశరుని పుత్రుడైన వ్యాసుడు పరాశరస్మృతిని ఎరుగనివాడా? ఎరిగినవాని నడవడి అట్లుండెను.

ఇక శ్రీరామాయణము. రావణవధానంతరము హనుమంతుడు, సీతమ్మను బాధించిన రాక్షసస్త్రీలను వధించుటకు అనుమతి వేడెను. అమ్మ అంగీకరింపలేదు. వారు రాజాజ్ఞకు లోబడి చేసినవారనియు, తప్పు చేయనివారు లోకమున లేరనియు, ఆర్యుడైనవాడు పాపులయందును కరుణ చూపవలెననియు చెప్పి వారించెను. ఒత్తిడికి లోబడి చేసినవారిని తల్లి చూచు చూపు అది. అందుచేతనే మన సంప్రదాయమున అమ్మవారిని పురుషకారముగా, అనగా స్వామికడ మన పక్షమున నిలిచి మాటాడు తల్లిగా ఆశ్రయించుచున్నాము. మన దోషములను స్వామి చూడనే చూడడని వేదాంతదేశికుల మార్గమువారు చెప్పుదురు. చూచియు వానిని భోగ్యముగా గ్రహించునని పిళ్ళైలోకాచార్యుల మార్గమువారు చెప్పుదురు. ఈ రెండు మార్గములకును ఎన్నియో భేదములున్నవి. కాని శరణన్నవారిని స్వామి త్రోసివేయునని చెప్పినవారు ఈ రెంటిలో ఒక్కరును లేరు.

ఇంత వెదకిన పిమ్మట నా తప్పు ఎక్కడనో తెలిసినది. స్మృతివాక్యమును కాదనుటకు నేను ఎంతవాడను? ప్రాయశ్చిత్తము లేదన్నది నిజమే కావచ్చును. అయితే అది శాస్త్రమునకు చివరిమాట కాదు. గీతాచార్యుడు చరమశ్లోకములో సర్వపాపములనుండి తానే విడిపింతునని ప్రతిజ్ఞచేసి, దుఃఖింపవలదని చెప్పి ముగించెను. అందు 'సర్వ' అను పదమునకు మినహాయింపు లేదు. ఆ శరణాగతికి కావలసిన అర్హత ఏది? ఆకించన్యము, అనగా తన చేతిలో మరియొక ఉపాయము లేకుండుట. ప్రాయశ్చిత్తము కలవాడు ప్రాయశ్చిత్తము చేసికొనును. అది లేనివానికొరకే ప్రపత్తి. "నీకు ప్రాయశ్చిత్తము లేదు" అని చెప్పినవాడు ఆ వెంటనే "అందుచేతనే స్వామి పాదములను ఆశ్రయింపుము" అని చెప్పవలసియున్నది. నేను తలుపు మూసితినిగాని, మూసినచోటనే మరియొక తలుపున్నదని చూపలేదు. సగము శాస్త్రము చెప్పితిని. సగము శాస్త్రము కొన్నియెడల అసత్యముకంటె ఎక్కువ హాని చేయును.

"ఇట్లు చెప్పిన పాపమునకు పందిరి వేసినట్లు కాదా?" అని మా గోష్ఠిలోని పెద్దలొకరు తరువాత నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్న. ప్రపత్తి పాపము చేయుటకు అనుమతిపత్రము కాదు. శరణాగతి ఉన్నదిగదాయని బుద్ధిపూర్వకముగా తప్పుచేయుట శరణాగతికే విరుద్ధము. గర్భములో ఉన్నది జీవుడేయని నేను నేటికిని నమ్ముచున్నాను. నా భార్యయు అట్లే నమ్మినది. ఆ నాలుగవ వెన్నముద్దయే సాక్ష్యము. తాను చేసినది ఏమియు కాదని ఆమె ఎన్నడును అనలేదు. రెండు ప్రాణములు త్రాసులో ఉన్నప్పుడు, ముగ్గురు బిడ్డలు త్రాసు క్రింద నిలిచి చూచుచుండగా, ఒంటరిగా ఆమె తూచినది. ఒంటరిగా తూచునట్లు చేసినవాడను నేను. ఆపరేషను వలదని ధర్మము చెప్పినది నేను. నిగ్రహము పాటింపనిది నేను. వైద్యురాలి మాట మరచినది నేను. స్వామి ధర్మాసనముపై లెక్క చూచినప్పుడు ఆ పాపములో నా భాగమెంతయో నాకు తెలియదు. ఆమె భాగముకంటె తక్కువ కాదని మాత్రము తెలియును. ప్రాయశ్చిత్తము ఎవరికి అని అడుగవలసినచో నన్నే మొదట అడుగవలెను.

ఇది నా యింటి కథ మాత్రమే కాదు. ఆడుబిడ్డయని తెలిసికొని గర్భమును తీయించు దురాచారమును అరికట్టుటకు 1994లో ప్రత్యేకచట్టము చేయవలసివచ్చినది. అయినను ఆరేండ్లలోపు పిల్లలలో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడుపిల్లలు దేశమున 1991లో 945, 2001లో 927, 2011లో 920 లోపు. కడుపులో ఉన్నది ఆడుబిడ్డయో మగబిడ్డయో చూపించుటకు ఆ తల్లిని తీసికొనిపోవువారు ఎవరు? వంశము నిలువవలెనను మామగారు, మనుమని ఎత్తుకొనవలెనను అత్తగారు, కట్నమునకు వెరచు భర్త. కంసుని చేతినుండి జారి ఆకాశమునకెగసిన ఆడుశిశువును యోగమాయయని పూజింతుము. మన యింటికి రానున్న ఆడుశిశువునకు మాత్రము తలుపు వేయుదుము. అటుపిమ్మట తల్లిని బోనులో నిలిపి, ఆమెను అక్కడికి నెట్టినవారమే సాక్షులవలె కూర్చుందుము. భ్రూణహత్యను నిందింపదలచిన పౌరాణికుడు మొదట ఈ సాక్షులను లేపి నిలబెట్టవలెను. నేనిప్పుడు అట్లే చేయుచున్నాను.

ఆ నాలుగవ దినము సాయంకాలము నేను నా భార్య యెదుట చేతులు జోడించితిని. "మీరు పెద్దవారు, అలా చేయకూడదు" అని ఆమె నా చేతులు పట్టుకొన్నది. ఆ ఉగాదికి మేమిద్దరము యాత్ర చేసితిమి. మొదట తిరుచానూరులో అమ్మవారిని సేవించి, పిదప కొండ ఎక్కితిమి. అమ్మవారి సన్నిధిలో ఆమె చాలసేపు కన్నులు మూసికొని నిలిచినది. ఏమి విన్నవించుకొన్నదో నేను అడుగలేదు. అది ఆ తల్లికిని ఈ తల్లికిని నడుమ మాట. ఆ యేటి కృష్ణాష్టమికి నాలుగు వెన్నముద్దలను నా చేతులతో నేనే పెట్టితిని.

తరువాతి ధనుర్మాసమునుండి ఉత్తర కథ చెప్పునప్పుడు ఇంద్రుని కథయు, గాంధారి కథయు కలిపి చెప్పుచుంటిని. ఇద్దరు ముగ్గురు పెద్దలు కొంతకాలము పురాణమునకు రాకుండిరి. కాని ఒకరిద్దరు తల్లులు అందరును వెడలిన పిమ్మట నా భార్యకడకు వచ్చి కూర్చుండసాగిరి. వారు ఏమి చెప్పిరో ఆమె నాకు చెప్పలేదు. 2021లో సవరింపబడిన చట్టము, కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువది వారముల గడువును ఇరువదినాలుగు వారములకు పెంచుటయేగాక, చికిత్స పొందిన స్త్రీ పేరును బయటపెట్టరాదని వైద్యులకు విధించినది. చట్టము వైద్యునినుండి కోరినంత గోప్యతను భక్తుడు తనంతట తానే పాటింపలేడా?

పాఠక మహాశయులకు నా విన్నపము ఇంతమాత్రమే. ఇట్టి బిడ్డ మీ గడపకు వచ్చినప్పుడు స్మృతివాక్యము చదువకుడు. భోజనము చేసినదా యని అడుగుడు. ఒంటిలో నలతయున్నచో వైద్యునికడకు తోడుగా వెళ్ళుడు. గర్భముతో ఉండి దిక్కుతోచక వచ్చినదైతే, నరకమును చూపి భయపెట్టకుడు. ఆ బిడ్డ పుట్టినచో మేమున్నామని చెప్పుడు, చెప్పిన మాట పాలకును బియ్యమునకును వచ్చినప్పుడు నిలుపుకొనుడు. గర్భమును కాపాడవలెనను మన మాటకు ఆ పాలు, ఆ బియ్యమే ప్రమాణము. జరిగిపోయిన తరువాత వచ్చినదైతే, దూడ ఒంటిని నాకు ఆవును తలచుకొనుడు.

నా సహధర్మచారిణి 2019లో ఆచార్యుల తిరువడిని చేరినది. చివరి దినములలో ఒకనాడు, "ఆ పిల్లను వెదకమన్నాను, దొరికిందా?" అని అడిగినది. మేము ఎంత విచారించినను ఆమె ఎవరో తెలియలేదు. ఏ చుట్టపు చూపునకో మా ఊరు వచ్చి పోయినదని మాత్రము ఒకరు చెప్పిరి. "అయితే వ్రాయండి. నా సంగతి కూడా వ్రాయండి. గుడికి వెళ్ళే వాళ్ళెవరైనా చదివి చెబుతారేమో" అనెను. వ్రాయుటకు నాకు ధైర్యము చాలక ఇన్నాళ్ళు జాగుచేసితిని. ఇదియు నా తప్పులలో ఒకటి.

అమ్మా, ఆనాడు నీవెవరవో, నీకేమి కష్టము వచ్చినదో నేను అడుగలేదు. నీ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానము సగమే. మిగిలిన సగము ఇన్నేండ్లకు చెప్పుచున్నాను. స్వామికి నీ పేరు తెలియును. నీవు చెప్పుకొనలేనిదియు తెలియును. తెలిసియే నిన్ను పిలుచుచున్నాడు. నీవు ఎక్కడ ఉన్నను, దగ్గరనున్న ఆలయమునకు వెళ్ళి, మొదట అమ్మవారిని సేవించి, అటుపిమ్మట స్వామి యెదుట నిలిచి, తలయెత్తి చూడుము. నాకొరకు కూడ ఒక నమస్కారము చేయుము; నాకది అవసరము. వచ్చునప్పుడు ప్రసాదము పెట్టినచో, తల్లీ, వదలిరాకుము.